పట్టుబడికి ముందురోజు

ఫణీంద్ర మీద పగ తీర్చుకోవడానికే నేను అతని కాలేజీలో చేరాను. చదువు మీద ఇష్టంతో చేరానని అప్పట్లో అందరికీ చెప్పాను. మా అమ్మ రత్నకుమారి అయితే, దేవుడు నా చిన్నకూతురికి దారి చూపించాడని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను. ఎదురుగా ఉన్నప్పుడు ఫణీంద్రను గారూ అనే పిలిచేదాన్ని. ఇక్కడ అనను.

అది రెండేళ్ళ ఫిషరీస్ డిప్లమో కాలేజీ. కొల్లేటికోటకు అవతల, సరస్సు అంచున, ఎత్తుగా పోసిన మట్టిదిబ్బ మీద ఉంటుంది. టెన్త్ పాసైన పిల్లలు వచ్చి రెండేళ్ళు చదువుకుని, ఆకివీడు వైపు ల్యాబుల్లోనో మేత కంపెనీల్లోనో కుదురుకుంటారు. మా అక్క క్యాథరిన్ నాకంటే మూడేళ్ళ ముందు అక్కడే చదివింది. చదివింది గాని పూర్తి చెయ్యనివ్వలేదు.

అక్క రెండో సంవత్సరంలో ఉండగా, ఒక ఆదివారం కరస్పాండెంటు ఫణీంద్ర హాస్టలు పిల్లల్ని, కాలేజీ పక్కన తను వేసుకున్న చేపల చెరువులోకి దింపాడు. ప్రాక్టికల్స్ అని పేరు. సంగతేమిటంటే, చేపల లారీ వచ్చి నిలబడింది, వల లాగడానికి మనుషులు చాల్లేదు. నీళ్ళ మోటారు వైరు ఒకచోట తొడుగు ఊడిపోయి ఉంది. అక్క ఆసరాకి పట్టుకున్న ఇనపగొట్టం మీద ఆ వైరు పడింది. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి మణికట్టు దాకా కాలిపోయి, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. అక్క ఇంకా ఏలూరు ఆసుపత్రిలో ఉండగానే కాలేజీలో ఒక మాట లేచింది. సెలవురోజు చూసి చేపలు దొంగిలించడానికి దిగిందట. పేరు కొట్టేశారు. కళ్ళారా చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళంతా ఆ కాలేజీలోనే పరీక్షలు రాసుకోవాల్సిన పిల్లలు.

ఆ తర్వాత ఫణీంద్ర కబురుపెట్టి, మా నాన్న మత్తయిని అదే చెరువుకి కాపలా పెట్టుకున్నాడు. నాన్న మారుమాట్లాడకుండా వెళ్ళాడు. అది నాకు అక్క చెయ్యి కాలిన దానికంటే ఎక్కువ మండింది.

నేను చేరిన రోజున నాన్న పడవలో నిలబడి తవుడు సంచులు కర్రలకి కడుతున్నాడు. చేపలు వచ్చి ఆ సంచుల అడుగున కన్నాల దగ్గర మూతులు పెట్టి లాగుతున్నాయి. గట్టు మీద నన్ను చూసి పడవ ఇటు తోసుకొచ్చాడు.

"అన్నం తిన్నావా అమ్మా?"

"ఈ చేపల్ని చూస్తే నీకు అన్నం ఎలా సయిస్తుంది నాన్నా?"

ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఈ ఏడు బొచ్చె చేప బాగా ఎదుగుతోంది" అన్నాడు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత చాలా వారాలు చెరువు వైపు వెళ్ళలేదు.

హాస్టలు జీవితం గురించి అబద్ధం చెప్పను, నాకు నచ్చింది. ఒక్కొక్క గదికి ఎనిమిదేసి మందిమి. రికార్డు పుస్తకాలకీ దుప్పట్లకీ కూడా నీచువాసనే. గూడెం పట్నంలో ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళు బస్సులో మా యూనిఫారం చూసి ముక్కు మూసుకునేవాళ్ళు. నా పక్కమంచం లక్ష్మీప్రసన్న ఒకసారి సంచిలోంచి ఫార్మలిన్ సీసా తీసి, మూత విప్పి, "వాసన మాది కాదండీ, మీరు పీల్చే గాలిదేనేమో చూసుకోండి" అని వాళ్ళ మధ్య పెట్టింది. గణపవరం దాకా ఎవరూ కిక్కురుమనలేదు. తనది కైకలూరు దగ్గర వరి రైతుల కుటుంబం. అక్క కథ తనకొక్కదానికే చెప్పాను. విని, "అయితే ఏం చేద్దాం?" అంది. అయ్యో అనలేదు. అందుకే తనంటే నాకు గౌరవం.

ఆ వానాకాలమే కాలేజీకి పాతికేళ్ళు నిండాయి. రజతోత్సవం చెయ్యాలని జులైలోనే హడావుడి మొదలైంది. మొదటి ప్రిన్సిపాలు ఎలీయాజరు మాస్టారిని పిలిపించారు. ఆయన రిటైరై ఏలూరులో ఉంటున్నారు. కాలేజీ చరిత్ర ఆయన చెబితే ఒక విద్యార్థి రాసుకుని వేదిక మీద చదవాలి. చర్చి క్వయర్లో పాడే గొంతు కదా అని ప్రిన్సిపాలు శ్యామ్ సుందర్ గారు నన్ను ఎంచారు. మత్తయి రెండో కూతురునని ఆయనకి తెలుసు. తెలిసే ఎంచారో, మర్చిపోయే ఎంచారో ఇప్పటికీ అడగలేదు.

మాస్టారు లైబ్రరీలో ఫ్యాను కింద కూచుని చెప్పేవారు. మొదట్లో చర్చి వెనక తాటాకు పాకలో క్లాసులు జరిగేవట. మా వాళ్ళు చేపలు పట్టడమే కాదు, చేపల చదువు చదవాలి అని ఊరు ఊరంతా పట్టుబట్టిందట. సరస్సులో మట్టి తవ్వి దోనెల్లో తెచ్చేవాళ్ళట. ఆడవాళ్ళు వరసగా నిలబడి, తట్టలు చేతులు మార్చుకుంటూ ఈ దిబ్బ పోశారట.

"మీ నాయనమ్మ కూడా ఆ వరసలో ఉందమ్మా. నడుము దాకా నీళ్ళలో నిలబడి పాటందుకునేది" అన్నారు.

"మరి దిబ్బకీ సరస్సుకీ మధ్య చెరువు ఎప్పుడు తవ్వారు మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "అక్కడ చెరువు లేదు. కావాలనే పల్లంగా వదిలేశాం. పైనుంచి వరద వస్తే ఆ పల్లం మీదుగా సరస్సులోకి పోవాలని. ఎండాకాలం పిల్లలు వాలీబాల్ ఆడుకునేవారు. ఫణీంద్రకి ఆఫీసుల్లో పలుకుబడి ఉంది, పర్మిషన్లు తెస్తాడని మా కమిటీయే కరస్పాండెంటుని చేసింది. తెచ్చాడు. తెచ్చాక చుట్టూ గట్టు కట్టుకున్నాడు. అభయారణ్యం హద్దులో చెరువు తవ్వకూడదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను అప్పుడే గట్టిగా అడగాల్సింది. రిటైరైపోయి ఊరుకున్నాను."

ఇది కూడా చదవనా అని అడిగాను. "అది నీ ఇష్టం" అన్నారాయన.

ఆ ఆదివారం ఇంటికెళ్ళి, ఏం చెయ్యబోతున్నానో చెప్పాను. వేదిక మీద, ఊళ్ళో పెద్దలూ ఆఫీసర్లూ వినగా, అక్క పేరు చెబుతాను. ఆదివారం ఎవరు దింపారో చెబుతాను.

అమ్మ బియ్యం ఏరుతూ, "పగ దేవుడిది, మనది కాదు" అంది. అక్క కిటికీ దగ్గర కూచుని, ట్యూషను పిల్లల పుస్తకాలు ఎడంచేత్తో దిద్దుతోంది.

"నువ్వేమంటావే?" అన్నాను.

"అతను నా దగ్గరికొచ్చి, నువ్వు దొంగవి కావు అని అనాలి. నాకు అదొక్కటే కావాలి. నువ్వు చెబితే ఏం లాభం? నువ్వు నా చెల్లెలివి."

నాన్న గుమ్మంలో కూచుని తెగిన వల అతుకుతున్నాడు. తల ఎత్తలేదు. "నాన్నా, నువ్వన్నా ఒక్క మాట మాట్లాడు" అన్నాను. "వానలు ముదిరేలా ఉన్నాయి" అన్నాడాయన. అదే ఆయన మాట. నేను చెంబు విసిరికొట్టి బయటికి వచ్చేశాను.

ఆగస్టు చివర్లో రజతోత్సవం. గూడెం నుంచి షామియానా, సౌండు పెట్టెలూ వచ్చాయి. మైదానమంతా కుర్చీలే. అమ్మా నాన్నా వెనక వరసలో ఉన్నారు. అక్క రాలేదు. నేను చరిత్ర చదవడం మొదలుపెట్టాను. పాక, దోనెలు, తట్టలు, పాటలు. వెనకనుంచి ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. పల్లం గురించి చదివాను. ముందు వరసలో ఫణీంద్ర కాలు మీద కాలు తీసి కింద పెట్టాడు.

"ఈ కాలేజీ చరిత్రలో క్యాథరిన్ అనే విద్యార్థిని కూడా ఉంది. ఆమె చేపలు దొంగిలించలేదు. ఒక ఆదివారంనాడు ఆమెను..."

మైకు చచ్చిపోయింది. నేను అరుస్తూనే ఉన్నాను గాని అంత మైదానంలో నా గొంతు నాకే వినపడలేదు.

ఫణీంద్ర వేదిక ఎక్కాడు. అతను రాగానే మైకు పనిచేసింది. నా మీద కోప్పడతాడనుకున్నాను. నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు.

"చిన్నపిల్లండీ. అక్కమీద ప్రేమ. మనం తప్పు పట్టకూడదు. పెద్దమ్మాయి పొరపాటు చేసినా నేను ఆ కుటుంబాన్ని వదల్లేదండీ. తండ్రికి పనిచ్చాను. ఈ అమ్మాయికి సీటిచ్చాను. మత్తయ్యా, ఎక్కడున్నావ్? ఒకసారి లే."

అందరూ వెనక్కి తిరిగారు. నాన్న లేచాడు. కండువా చేతికి తీసుకుని రెండు చేతులూ జోడించాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఫణీంద్ర దయకి. ఇందాక తట్టల పాటకి కొట్టిన ముసలమ్మలు కూడా కొట్టారు. నేను నాన్న కళ్ళలోకి చూశాను. ఆయన చూపు తిప్పుకోలేదు. ఆ క్షణంలో ఫణీంద్ర కంటే ఆయన్నే ఎక్కువ అసహ్యించుకున్నాను.

మర్నాడు నన్ను సస్పెండు చేశారు. ఇంట్లో నాన్న పెట్టిన అన్నం ముట్టలేదు, ఆయన ఉన్న గదిలో పడుకోలేదు. ఆయన మాత్రం రోజూ తెల్లారకుండానే తవుడు కట్టడానికి చెరువుకి పోతూనే ఉన్నాడు.

సెప్టెంబరు మొదటి వారంలో వాన పట్టుకుంది. పైన బుడమేరు పొంగింది, తమ్మిలేరు పొంగింది. ఆ నీళ్ళన్నీ కొల్లేరుకే రావాలి. మా వైపు వచ్చిన నీళ్ళకి పల్లంలో చెరువుగట్టు అడ్డం. వెనక్కి తన్ని దిబ్బ చుట్టూ నిలబడిపోయాయి. మూడోనాటి పొద్దున లక్ష్మీప్రసన్న ఫోను చేసింది.

"మెర్సీ, కింద గదుల్లోకి నీళ్ళొచ్చేశాయే. మంచాల మీద మంచాలు పెట్టుకుని కూచున్నాం. వంటింట్లో పాము కనపడింది. ప్రిన్సిపాలుగారు గట్టు కొట్టిద్దామంటే కరస్పాండెంటుగారు ఫోనులో వద్దన్నారట. రేపు పట్టుబడట. ఒక్కరోజు ఓపిక పట్టమన్నారట."

పట్టుబడి అంటే ఏడాదంతా మేపిన చేపని ఒక్కసారిగా వలేసి తీసి లారీలకి ఎత్తడం. లారీలు, ఐసు, కూలీలు మాట్లాడుకోవడానికి ఫణీంద్ర ఆకివీడు వెళ్ళాడు. నేను గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను.

వెళ్ళేసరికి హాస్టలు మేడమీద పిల్లలంతా పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. చెరువుకి అటువైపు, సరస్సు ఉన్నవైపు గట్టు మీద ఒకే ఒక్క మనిషి. గోచీ బిగించి పార ఎత్తి దించుతున్నాడు. మా నాన్న.

నేను రొప్పుతూ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే గట్టుకి సగం లోతున గండి పెట్టాడు. నన్ను చూసి ఆగలేదు.

"ఏం చేస్తున్నావ్ నాన్నా?"

"నీళ్ళకి దారి ఇస్తున్నానమ్మా."

"ఆయన ఊరుకుంటాడా?"

నాన్న పార మట్టిలో గుచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా వాననీళ్ళు కారుతున్నాయి. మామూలుగా మాట్లాడినట్టే మాట్లాడాడు.

"కిందటేడే కొట్టేద్దామనుకున్నా. చేప చిన్నది. అప్పుడు కొట్టేస్తే ఆయనకి దోమ కుట్టినంత కూడా ఉండదు. మళ్ళీ చేపపిల్లని తెచ్చి వదులుతాడు, అంతే. అందుకని మేపాను. ఏ బొచ్చెకి ఆకలేస్తుందో కన్నబిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకుని మేపాను. ఆయన ఇల్లు కట్టడం కూడా దీన్ని నమ్ముకునే మొదలుపెట్టాడు. పట్టుబడి రేపే కదా." గట్టు అంచు వైపు చూపించాడు. "ఇంకో పార అక్కడుంది. ఓపిక ఉంటే అందుకో."

అందుకున్నాను.

గండి తెగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. మట్టి మెత్తగా జారింది. ఒక పాయ నీళ్ళు బయటికి పాకాయి. తర్వాత ఆ పాయ అటూ ఇటూ గట్టుని కోసుకుంటూ వెడల్పైంది. అప్పుడు వచ్చాయి చేపలు. మొదట ఒకటి, దాని వెనక మరొకటి, ఆపైన వెండి పోతపోసినట్టు బొచ్చెలూ శీలావతులూ ఒకదాని మీద ఒకటి పడి సరస్సులోకి దూకుతున్నాయి. మేము ఇటు వచ్చి హాస్టలు వైపు గట్టు కూడా కొట్టాం. ఈసారి లక్ష్మీప్రసన్నా పిల్లలూ దిగి వచ్చారు, వంటింటి గరిటెలతో సహా. నిలిచిన వరద చెరువులోంచి దారి చేసుకుని బుసలు కొడుతూ పోయింది. మధ్యాహ్నానికి హాస్టలు గుమ్మాలు బయటపడ్డాయి.

ఊరంతా వలలు తీసుకుని సరస్సులోకి దిగింది. వల లేనివాళ్ళు చీరలు పట్టారు. మా అమ్మ నడుము లోతు నీళ్ళలో నిలబడి, తన చేతికంటే పొడుగున్న బొచ్చెని రొమ్ముకి అదుముకుని కనిపించింది.

"పగ దేవుడిదన్నావుగా అమ్మా?" అని అరిచాను.

"చేప మనది కాదని అన్లేదుగా!" అంది.

ఆ పూట ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ చేపల పులుసే. మర్నాడు సాయంత్రం దాకా ఫణీంద్ర మొహం కనిపించలేదు. పోలీసులు వస్తారని మేము ఎదురుచూశాం. రాలేదు. ఎలా వస్తారు? చెరువే ఉండకూడని చోట చెరువు తెగిందని ఎవరికి ఫిర్యాదు చేస్తాడు?

కాని ఊళ్ళోవాళ్ళు తీసిన వీడియోలు ఫోన్లనిండా తిరిగాయి. అటవీశాఖ వాళ్ళు విచారణకి వస్తున్నారని తెలిసింది. అప్పుడు వచ్చాడు ఫణీంద్ర మా ఇంటికి. కారు వీధి చివర బురదలో ఆపి, పంచె ఎత్తిపట్టుకుని నడిచి వచ్చాడు. రెండు రోజుల్లోనే మనిషి నల్లబడ్డాడు. వెనకే సగం వీధి వచ్చి నిలబడింది.

"దయచెయ్యండి బాబుగారూ. తడుస్తున్నారు" అని నాన్న కుర్చీ వేశాడు.

ఫణీంద్ర కూచోలేదు. గొంతు తగ్గించి, "గట్టు ఎవరు కొట్టారో నేను అడగను మత్తయ్యా. అది వదిలెయ్. రేపు ఫారెస్టు వాళ్ళొస్తారు. చెరువు ఎవరిదని నిన్నే అడుగుతారు. కాలేజీదని, పిల్లల ప్రాక్టికల్స్ కోసమని చెప్పు. నా పేరు రాకూడదు. వస్తే కేసవుతుంది" అన్నాడు.

నాన్న జవాబు చెప్పేలోగా లోపల్నుంచి అక్క వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు ఎడంచేత్తో చాపింది. మా వైపు ఎడంచేత్తో ఎవరికీ ఏమీ ఇవ్వరు. ఫణీంద్ర ఆ చెయ్యి చూశాడు. రెండో చెయ్యి కోసం చూశాడు. అక్క దాన్ని పైటచాటున దాచుకోలేదు.

"తీసుకోండి సార్."

తీసుకున్నాడు.

"సార్, నేను ఆ ఆదివారం చెరువులోకి ఎందుకు దిగానండీ?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"మీకు గుర్తుందో లేదోనని అడుగుతున్నానండీ."

ఫణీంద్ర వీధిలో నిలబడ్డ జనం వైపు చూశాడు. నాన్న వైపు చూశాడు. నాన్న నేల చూస్తున్నాడు.

"నేనే దింపాను" అన్నాడు, పెదాలు కదిలీ కదలకుండా.

"గుమ్మం అవతల వాళ్ళకి వినపడలేదండీ" అంది అక్క, పాఠం చెప్పినంత నెమ్మదిగా.

"నేనే దింపాను. దొంగతనం కాదు."

"ఎవరు దొంగ కాదండీ?"

"క్యాథరిన్ దొంగ కాదు" అన్నాడు గట్టిగా. వీధిలో ఎవరో ముసలమ్మ ముక్కు చీదింది. నాకు మాత్రం అతని చేత ఇంకా పదిసార్లు అనిపించాలని ఉంది.

అక్క గ్లాసు అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఫణీంద్ర నాన్న వైపు తిరిగి, "మరి రేపు?" అన్నాడు.

"ఏం చెప్పాలో నాకు తెలుసండీ. మీరు ధైర్యంగా వెళ్ళండి బాబుగారూ" అన్నాడు నాన్న.

ఫణీంద్ర ఆ మాట నమ్మాడు. పాతికేళ్ళుగా ఆ చుట్టుపక్కల అతని మాటకి అండీ తప్ప ఇంకోటి వినలేదు మరి.

మర్నాడు పొద్దున్నే జీపులూ, వాటి వెనక ట్రాలీ మీద పొక్లెయినూ వచ్చాయి. వాన వెలిసింది. ఎలీయాజరు మాస్టారు కూడా ఏలూరు నుంచి మొదటి బస్సుకే వచ్చి చేతికర్ర ఆన్చుకుని నిలబడ్డారు. ఫణీంద్ర శ్యామ్ సుందర్ గారి పక్కన నిలబడి, ఇది పూర్తిగా కాలేజీ వ్యవహారం అన్నట్టు ఆఫీసర్లతో ఏదో చెబుతున్నాడు.

ఆఫీసరు నాన్నని పిలిచాడు. "కాపలా నువ్వేనా? ఈ చెరువు ఎవరిది?"

"ఫణీంద్రగారిదండీ" అన్నాడు నాన్న. "ఇదొక్కటే కాదండీ. ఆ తుంగ వెనకాల ఇంకో రెండున్నాయండీ. రోడ్డు మీదనుంచి కనపడవు. పడవలో వెళ్ళాలి."

"మత్తయ్యా" అంటూ ఫణీంద్ర ముందుకొచ్చాడు.

"వాటి సంగతి అడగలేదే?" అన్నాడు ఆఫీసరు నవ్వి.

"అడక్కపోయినా చెప్పాలి కదండీ. పనిచేసినవాణ్ణి" అన్నాడు నాన్న. "రండి, చూపిస్తాను. గట్టు జారుడుగా ఉంది, చూసుకుని నడవండి."

ఆయన ముందు నడిచాడు. ఆఫీసర్లు వెనక నడిచారు. నేను ఫణీంద్రకి ఎదురుగా నిలబడి, అతను ఎటు చూస్తే అటు జరుగుతూ, పొక్లెయిను గట్టు మీదికి ఎక్కేదాకా అతని మొహం చూస్తూనే ఉన్నాను. నాకు జాలి కలగలేదు.